రెండో పేజీ

పదకొండో భాగం

శనివారం మా ఇంట్లో పంది కోశారు. నా ఆడపడుచు పా హువాకి సముద్రం పక్కనున్న యూనివర్సిటీలో ఇంజనీరింగ్ సీటు వచ్చిందనీ, ఊరు మారే పిల్ల ఆత్మ దారిలో ఎక్కడా తప్పిపోకుండా ఆమె వెంటే వెళ్ళాలనీ, మా మువా వంశం పెద్దలంతా వచ్చి ఆమె చేతులకి తెల్లదారాలు కట్టారు. మణికట్టు నుంచి మోచేతి దాకా దారాలే. ఆఖర్న పెద్దవదినగా నేను దారం కట్టి దీవించబోతుంటే, ఆమె ఒళ్ళో ఫోను టింగుమంది. యూనివర్సిటీ వాళ్ళ మెయిలు. ఫిజిక్స్ మొదటి సగం మీ ఊరి కాలేజీలో, రెండో సగం పక్క ఊరి కాలేజీలో చేశావు, అలా ముక్కలు చేసిన చదువు మాకు చెల్లదు, శుక్రవారం లోగా సరైన సంజాయిషీ రాకపోతే నీ సీటు రద్దు అని దాని సారాంశం. నా చేతిలో దారం అలాగే ఉండిపోయింది. పోయిన వారం మీరు చదివింది అక్కడి దాకా.

ఆ దారం నేను కట్టానా లేదా అని అడక్కండి. కట్టాను. దీవెన మాత్రం నోటికి రాలేదు. ఏదో గొణిగాను, పిల్ల ఏడుస్తోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మా లోయలో సగం మంది పిల్లల చదువు ఇలాగే సాగుతుంది. మొదటి రెండేళ్ళు ఊళ్ళోనే కమ్యూనిటీ కాలేజీ, ఆపైన యూనివర్సిటీ. మా దగ్గర చదివిన ఏ పాఠం, అంటే ఏ కోర్సు, వాళ్ళ దగ్గర ఏ పాఠానికి సరిపోతుందో ఒక ఒప్పందం ఉంటుంది. ఎడంవైపు వాళ్ళది, కుడివైపు మాది, వరసగా రాసి ఉంటుంది. దాన్ని సరిగ్గా చదువుకుంటే దారి సుగమం. ఒక్క వరస తప్పు చదివితే రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఆ కాగితాలు అచ్చుతీసి పిల్లలకి అందించే కాలేజీ కిటికీ దగ్గర తొమ్మిదేళ్ళుగా కూర్చున్నదాన్ని నేనే. అపాయింట్‌మెంట్లు ఇవ్వాలి, కాగితాలు ఇవ్వాలి, సలహాలు మాత్రం ఇవ్వకూడదు. సలహా చెప్పాల్సింది లోపలి గదిలో ఉండే కౌన్సిలరు. ఈ నియమం నా వెనక గోడ మీదే అంటించి ఉంటుంది.

కానీ ఇంట్లో ఆ నియమం ఎవరు చూస్తారు? మా మువా పిల్లలకీ, మా పుట్టింటి లోర్ పిల్లలకీ ఏ పాఠం తీసుకోవాలో చెప్పేది షువా వదినే, అంటే నేనే. పండక్కి వెళ్ళినా, చావుకి వెళ్ళినా, ఎవరో ఒక తల్లి కొడుకుని నా ముందు కూర్చోబెట్టేది. నాకది ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆదివారం పొద్దున్న మిగిలిన చుట్టాలంతా మా వరండాలో కూర్చుని పంచాయితీ పెట్టారు. మెర్సెడ్ నుంచి వచ్చిన వా మెంగ్ పెదనాన్న, పక్క ఊళ్ళో చదవమని నీకెవరు చెప్పారే అని పా హువాని అడిగాడు. ఆ పిల్ల ఒకసారి నా వైపు చూసింది. తర్వాత తల దించుకుని, కాగితం చూసి చేశాను పెదనాన్నా అంది. అంతే, నింద ఆ కాగితం ఇచ్చిన ఆఫీసు మీదకి మళ్ళింది. కౌన్సిలరు ముసలిదైపోయిందట, కళ్ళు కనపడవట, మన పిల్లలంటే లెక్కలేదట. తలా ఒక మాట వేశారు. మా మామగారు నావ్ చాయ్ మువా అంతా విని, సోమవారం తానే వెళ్ళి అడుగుతానన్నారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. తన తగువులో తనే నోరు విప్పడం మాలో మర్యాద కాదు కనక కూతురు మాట్లాడకూడదు. కోడలు అక్కడే పని చేస్తోంది కదా, ఆయన మాట ఆవిడకీ ఆవిడ మాట ఆయనకీ కోడలే చెబుతుంది అని తీర్మానమైంది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నేనేం చేశానంటే, లేచి వెళ్ళి పెరట్లో పంది ఉడికించిన పెద్ద డేగిసాలు తోముకుంటూ కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగకి నొప్పి ఉంటుంది కానీ అరవడానికి ఉండదు. మా అత్తయ్య వచ్చి, పాపం నువ్వెందుకే అంత కుమిలిపోతావు, నీ తప్పేముంది ఇందులో అని నా వీపు నిమిరింది. ఆ చెయ్యి పడ్డచోట ఇప్పటికీ నాకు మంటగానే ఉంటుంది.

సోమవారం మామయ్య చావులకి వేసుకునే గోధుమరంగు కోటు వేసుకున్నారు. తిట్టడానికి వెళ్తూ కూడా వట్టి చేతులతో వెళ్ళనిస్తుందా మా అత్తయ్య? మా పొలంలో కాసిన కాకరకాయలు, ఒక నిమ్మగడ్డి కట్ట సంచిలో పెట్టి కారులో పడేసింది. పా హువా వెనక సీట్లో కూర్చుంది. చేతుల నిండా ఆ దారాలు. మూడు రోజుల దాకా తియ్యకూడదు. 

నా కిటికీ ముందు నుంచే నడిచి లోపలికి వెళ్ళాం. ఆ రోజు సెలవు పెట్టాను. రోజూ నేను లోపలికి పంపే జనం కూర్చునే కుర్చీలో ఆ రోజు నేను కూర్చున్నాను.

కౌన్సిలరు అవిలా మేడం. అరవై నాలుగేళ్ళు. వాళ్ళ తాతలు పోర్చుగీసు దీవుల నుంచి వచ్చి ఈ లోయలో పాడి పెట్టుకున్నవాళ్ళు. తొమ్మిదేళ్ళ కింద నా ఇంగ్లీషు విని మిగతావాళ్ళు పెదవి విరిస్తే, ఈ అమ్మాయి చేతిరాత చూడండి, దేన్నీ వదిలిపెట్టే రకం కాదు అని నాకు ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. ఒప్పందం కాగితం ఎలా చదవాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది కూడా ఆవిడే. వరసలు అందరూ చదువుతారు షువా, అడుగున ఉండే చిన్న అక్షరాలు చదివినవాడే చదివినవాడు అనేది. మా కవల పిల్లలు పుట్టినప్పుడు రెండు ఊలు టోపీలు అల్లి తెచ్చింది.

కాకరకాయల సంచి చూసి నవ్వి, లేచి మామయ్యకి కుర్చీ జరిపింది. మామయ్య కూర్చున్నారు. మాలో పెద్దమనిషి తగువు మొదలుపెడితే గబుక్కున విషయానికి రాడు. పిల్లని పెంచడం ఎంత కష్టమో, కొండలు దాటి నది దాటి ఈ దేశం ఎందుకొచ్చామో, చదువు చెప్పేవాళ్ళ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నామో అన్నీ వరసగా చెప్పుకొచ్చారు. చివర్న గొంతు పెంచకుండానే, మా పిల్లని మీ చేతుల్లో పెడితే మీరు కళ్ళు మూసుకుని గోతిలోకి తోశారు అన్నారు.

నేను ఇంగ్లీషులో చెప్పిందేమిటంటే, మా మామగారు చాలా బాధపడుతున్నారు, ఎలా జరిగిందో తెలుసుకోవాలనుకుంటున్నారు అని.

పా హువా తలెత్తి నా వైపు చూసింది. ఆ గదిలో రెండు భాషలూ తెలిసింది మా ఇద్దరికే. మామయ్య కూడా ఊరుకోలేదు.

“నేను అంతసేపు మాట్లాడితే నువ్వు రెండు ముక్కల్లో తేల్చేశావేం కోడలా?”

ఇంగ్లీషులో తక్కువ మాటలు సరిపోతాయి మామయ్యా అన్నాను. అబద్ధానికి అబద్ధం అలా పుట్టుకొస్తూనే ఉంటుంది, పిలవక్కర్లేదు.

అవిలా మేడం కాగితం చూపించమంది. పా హువా సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన పేజీ తీసింది. మేడం అద్దాలు సర్దుకుని చూసి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పింది. ఇది మొదటి పేజీ, రెండోది ఏదమ్మా అని అడిగింది. నాకు ఇంతే వచ్చింది అంది పా హువా. ఎవరిచ్చారని మేడం అడగలేదు, పా హువా చెప్పలేదు. మేడం కంప్యూటర్లో అదే ఒప్పందం తెరిచి రెండో పేజీ చూపించింది. పేజీ పైనే ఉంది ఆ వాక్యం. ఫిజిక్స్ రెండు సగాలూ ఒకే కాలేజీలో పూర్తిచేస్తేనే అంగీకరిస్తాం.

మామయ్య ఏముందక్కడ అని అడిగితే చెప్పాను. ఆయన గెడ్డం నిమురుకున్నారు.

“ఇంత స్పష్టంగా రాసి ఉంటే, ఆ పేజీ దాచిందెవరు? అడుగు.”

ఆ పేజీ ఎలా తప్పిపోయిందో అని అడుగుతున్నారు అన్నాను మేడంతో. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే మెడ మీదకి వెళ్ళింది.

రెండో సగం మొదలయ్యే జనవరిలో ఈ అమ్మాయిని కలిసినట్టు నాకు గుర్తు లేదే, ఉండు చూస్తాను అంటూ మేడం నా కిటికీ దగ్గర రాసే అపాయింట్‌మెంట్ల పుస్తకం కంప్యూటర్లో తెరవబోయింది. ఆ యంత్రం మెల్లగా తెరుచుకుంటుంది. అది తెరుచుకునేలోపు మీకు చెప్పేస్తాను. ఎలాగూ చెప్పాల్సిందే.

జనవరిలో రెండో సగం ఫిజిక్స్ మా కాలేజీలో ఒకే ఒక వేళకి పెట్టారు. మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి దాకా, వారానికి నాలుగు రోజులు. మా పిల్లలు స్కూలు నుంచి వచ్చేది రెండున్నరకి. నా పని అయిదు దాకా. మా ఆయన కోంగ్ లారీ మీద ఉంటాడు, అత్తయ్యకి మోకాళ్ళు, మామయ్యకి పొలం. పిల్లల్ని తెచ్చి, అన్నం పెట్టి, చదివించేది పా హువానే. పక్క ఊరి కాలేజీలో అదే పాఠం పొద్దున పూట ఉంది. వదినా, అక్కడ చేస్తే ఫరవాలేదా అని ఆ పిల్ల నన్ను అడిగింది. నేను కంప్యూటర్లో ఒప్పందం తీశాను. రెండో పేజీ చదివాను. తొమ్మిదేళ్ళు చిన్న అక్షరాలు చదివిన కళ్ళు కదా, ముందు అక్కడికే వెళ్ళాయి. చదివి, మొదటి పేజీ ఒక్కటే అచ్చుతీశాను. ఫిజిక్స్ ఎక్కడైనా ఫిజిక్సే అన్నాను. ఎవరు అంత పట్టి చూస్తారులే, చూసినా ఏదో ఒకటి సర్దుతారులే అని నాకు నేను చెప్పుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది.

స్క్రీన్ తెరుచుకుంది. నేను కూర్చున్న వైపుకి కాస్త తిరిగి ఉంది. జనవరి పద్నాలుగు, మంగళవారం, పదిన్నర, పా హువా మువా. ఎదురుగా ఎర్ర అక్షరాల్లో రద్దు. రద్దు చేసినవారు ఎస్. లోర్, అంటే నేను; మాలో పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు.

ఆ పిల్ల నా మాట మీదే ఆధారపడకుండా, బుద్ధిగా మేడంతో కూడా మాట్లాడదామని తనంతట తాను అపాయింట్‌మెంట్ పెట్టుకుంది. పొద్దున్నే నా స్క్రీన్ మీద ఆ పేరు కనిపించింది. లోపలికి వెళ్తే మేడం ఒక్క నిమిషంలో రెండో పేజీ చూపిస్తుంది. అందుకని తీసేశాను. మేడంకి ఈ నెలంతా ఖాళీ లేదే అని సాయంత్రం ఇంట్లో చెప్పాను, బీన్స్ తుంచుకుంటూ.

మేడం చెయ్యి ఆగిపోయింది. ఆవిడ ఆ వరస చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను అలా చూడలేదు. నేల చీలితే బాగుండును అంటారే, అది ఉత్త మాట అనుకునేదాన్ని. నిజంగానే కాళ్ళ కింద తివాచీ వైపు చూశాను.

ఆవిడ మెల్లగా స్క్రీన్ తన వైపుకి తిప్పేసుకుంది.

“షువా, మీ మామగారికి చెప్పు. తప్పు ఈ గదిదే. నేనే సలహా తప్పు చెప్పానని యూనివర్సిటీకి ఉత్తరం రాస్తాను. వచ్చే నెల రిటైరవుతున్నాను, నాకు పోయేదేమీ లేదు. పిల్ల చదువుకోవాలి, నీ ఇంట్లో నువ్వు తలెత్తుకుని తిరగాలి. ఇంతే చెప్పు.”

మామయ్య నా వైపు తిరిగి ఏమంటోంది అన్నారు.

చెప్పేశాను. అవునండీ, చెప్పేశాను. తప్పు ఆవిడదేనట మామయ్యా, ఒప్పుకుంటోంది, ఉత్తరం రాసిస్తుందట అన్నాను. నా నోరు అంత తేలిగ్గా ఎలా తిరిగిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఒడ్డున పడ్డాను అనిపించింది కూడా. ఇంతకంటే సిగ్గుమాలిన క్షణం నా బతుకులో లేదు, ఇంకోటి రాకూడదని కోరుకుంటున్నాను.

మామయ్య కోటు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. గెలిచిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడారు.

“అడుగు ఆవిణ్ణి. ఇంత వయసొచ్చి, ఇన్నేళ్ళు ఈ కుర్చీలో కూర్చుని, ఒక పేజీ తిప్పడానికి చెయ్యి రాలేదా? నీ కడుపున పుట్టిన పిల్లయితే ఇలాగే చేసేదానివా అని అడుగు. ఇంటికెళ్ళి అద్దంలో ముఖం చూసుకోమను.”

అవిలా మేడంకి భాష తెలియదు. మర్యాదగా చేతులు కట్టుకుని, నేను చెబితే విందామని నా వైపు చూస్తోంది. ఆవిడ ముఖంలో కోపం లేదు, భయం కూడా లేదు.  మామగారు కృతజ్ఞతలు చెబుతున్నారు అనేద్దామని ఇంగ్లీషు మాట ఒకటి వెతుక్కుంటున్నాను.

“వదినా,” అంది పా హువా.

ఆ రోజు ఆమె మా భాషలో అన్న మొదటి మాట అదే. ఆమె కూర్చున్న చోటికి కూడా స్క్రీన్ కనిపించిందని అప్పుడు అర్థమైంది నాకు.

“అది కూడా చెప్పు. నాన్న ఎలా అన్నారో అలాగే, ఒక్క మాట వదలకుండా చెప్పు.”

గొంతులో కోపం లేదు. అది ఉంటే నేను కోప్పడి తప్పించుకునేదాన్నేమో. మామయ్య ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూశారు. ఏం జరుగుతోంది అన్నారు.

“మామయ్యా, ఈవిడ తప్పేం లేదు,” అన్నాను. “రెండో పేజీ దాచింది నేను. పా హువా ఈవిడ్ని కలవడానికి టైము తీసుకుంటే అది రద్దు చేసింది కూడా నేనే. ఈవిడకి ఇవాళ దాకా ఏమీ తెలియదు. నన్ను కాపాడదామని తన మీద వేసుకుంటోంది.”

 మామయ్య ఒక్కటే అడిగారు, ఎందుకు అని.

“రెండున్నరకి పిల్లల్ని స్కూలు నుంచి తేవడానికి ఎవరూ ఉండరని.”

బయటికి అంటే ఎంత చిన్నదైపోయిందో ఆ కారణం. ఒక పిల్ల ఇంజనీరింగ్‌కీ, నా ఇద్దరు పిల్లల్ని స్కూలు గేటు నుంచి ఇంటికి తేవడానికీ మధ్య నేను తూకం వేసి, ఇటు మొగ్గాను. చుట్టుపక్కల ఎవరినైనా అడగొచ్చు. బడి అయ్యాక పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టుకునే ఏర్పాటు ఉంది, దానికి పేరు రాయించొచ్చు. అడగలేదు, రాయించలేదు. అంతేనా అన్నారు మామయ్య. అంతే అన్నాను. అంతే కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఇదే కాలేజీలో మూడు పాఠాలు మొదలుపెట్టి, పెళ్ళై, వాటిని సగంలో వదిలేసిన షువా లోర్ ఒకతె ఉంది. పా హువా పుస్తకాల సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటినప్పుడల్లా దాని కడుపు రగిలేది. ఆ మాట మామయ్యకి చెప్పలేదు. పా హువాకి మాత్రం తెలుసని, ఆమె చూపు పక్కకి తిప్పుకున్నప్పుడు గ్రహించాను.

మామయ్య లేచారు. నన్ను కొడతారేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన కోటు గుండీలు రెండూ పెట్టుకున్నారు. కుర్చీ వెనక్కి జరిపారు. అవిలా మేడం బల్ల ముందు, ఆ తివాచీ మీద, మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు రెండూ నేలకి ఆనించి తల వంచారు. లేచి, మళ్ళీ వంచారు.

మాలో నిర్దోషి మీద నింద వేస్తే, నింద వేసిన ఇంటి పెద్ద అలా మోకరిల్లాలి. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఆ మోకాళ్ళతో అడవిలో పన్నెండు రాత్రులు నడిచారు, భుజాన మా పెద్ద ఆడపడుచుని ఎత్తుకుని. ఆడవాళ్ళు ఆ దండం పెట్టే ఆచారం మాలో లేదు. తప్పు నాది, మోకాళ్ళు ఆయనవి.

అవిలా మేడం కంగారుపడి కుర్చీలోంచి లేచి, వద్దు, దయచేసి వద్దు అంటూ చుట్టూ తిరిగి వచ్చింది. ఆయన లేవబోయి లేవలేకపోయారు. ఒక రెక్క మేడం పట్టుకుంది, ఒక రెక్క పా హువా పట్టుకుంది. నేను ముందుకు వంగి చెయ్యి అందించాను. ఆయన ఆ చేతిని చూశారు కానీ పట్టుకోలేదు.

మామయ్య ఇందాక ఏమన్నారో చెప్పమంది మేడం. ఈసారి నేను ఒప్పుకున్నదాంతో సహా ఒక్క మాట వదలకుండా చెప్పాను. అద్దంలో ముఖం చూసుకోమన్నది కూడా చెప్పాను. అది మీకు కాదు, నాకు చెందిన మాట అని నా మాట ఒకటి కలిపాను.

మేడం చాలాసేపు అద్దాలు తుడుచుకుంది. తర్వాత ఆఫీసు పనిలో పడ్డట్టు మాట్లాడింది. నిజం బయటపడ్డాక ఇక అబద్ధం రాయలేనంది. పైగా అబద్ధం కంటే నిజమే ఆ పిల్లకి ఉపయోగమట. విద్యార్థిని సలహా కోసం తనంతట తాను వచ్చింది, ఆఫీసే ఆమెని ఆపేసింది, కాగితం సగమే ఇచ్చింది అని రుజువుతో రాస్తే యూనివర్సిటీ వాళ్ళు మినహాయింపు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. కానీ ఆపిన మనిషి పేరు రాయాలి, ఆ మనిషి సంతకం ఉండాలి. ఆ ఉత్తరం నకలు డీన్‌కి వెళ్తుంది. ఆ తర్వాత నీ ఉద్యోగం సంగతి నా చేతుల్లో ఉండదు షువా అంది. నా పేరుని ఆవిడ మామూలుగానే పలికింది. దానికి ఏడుపొచ్చింది నాకు.

ఆవిడ టైపు చేసింది. నేను చదివాను, చిన్న అక్షరాలతో సహా. సంతకం పెట్టాను.

బయట వరండాలో మామయ్య ముందు నడిచిపోయారు. పా హువా నాతో పాటు నిలబడింది. స్క్రీన్ మీద చూసేదాకా నీకు తెలియదు కదూ అని అడిగాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“జనవరిలోనే తెలుసు వదినా. రద్దు చేస్తే నాకు మెయిలొస్తుంది కదా. నీ పేరుతోనే వచ్చింది.”

మరెందుకు అడగలేదే అన్నాను.

“ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నాను. నేను వెళ్ళాల్సిన అవసరం లేకుండా మేడంతో నువ్వే మాట్లాడి ఉంటావనుకున్నాను.” మణికట్టు మీద దారాలు సర్దుకుంది. “నాకు నష్టం కలిగే పని వదిన చేస్తుందని ఎలా అనుకుంటాను?”

 వెళ్ళి కారులో వెనక సీట్లో కూర్చుంది. నేను అక్కడే గోడ పట్టుకుని నిలబడ్డాను. తిట్టినా, ఉమ్మేసినా తట్టుకునేదాన్ని. నమ్మానని చెప్పింది.

కారు దగ్గర మామయ్య నా కోసం ఆగి ఉన్నారు. ఎండ చుర్రుమంటోంది. నా ముఖం చూడకుండా, కారు పైకప్పు చూస్తూ మాట్లాడారు.

“శుక్రవారం సాయంత్రం మీ లోర్ వాళ్ళని మా ఇంటికి రమ్మను.”

మా వాళ్ళలో ఈ మాటకి అర్థం చెప్పనక్కర్లేదు. మీకు చెబుతాను. కోడలి వల్ల ఇంటికి పెద్ద చెడు జరిగితే, అత్తింటి వంశం వాళ్ళు పుట్టింటి వంశం పెద్దల్ని పిలిచి బల్లకి అటూ ఇటూ కూర్చుంటారు. మీ పిల్ల ఇలా చేసింది, మా దగ్గర ఉంచుకోమంటారా, మీరు తీసుకుపోతారా అని అడుగుతారు. మా పిన్ని కూతురి విషయంలో అలాగే పిలిచారు. ఆమె బట్టల పెట్టెతో తిరిగొచ్చింది, పిల్లలు అక్కడే ఉండిపోయారు.

కోంగ్‌తో ఒక్క మాట అనకుండానే పిలుస్తారా మామయ్యా అన్నాను. వాడికి నేను చెబుతాను అన్నారు. “మీ నాన్నకి మాత్రం నువ్వే ఫోన్ చెయ్యి. నేను చేస్తే పెద్దాయన గుండె ఆగిపోతుంది. కూతురు నోటి నుంచి వింటే తట్టుకుంటాడు. ఇక్కడే, ఇప్పుడే చెయ్యి.”

అదీ ఆయన మంచితనమే. కారెక్కి తలుపు వేసుకుని, అద్దం దించుకుని కూర్చున్నారు.

నేను నాలుగడుగులు పక్కకి వెళ్ళి ఫోన్ చేశాను. మా నాన్న శాక్రమెంటోలో ఉంటాడు. మొదటి మోతకే ఎత్తాడు. వెనకాల మనుషుల గోల వినిపిస్తోంది.

“ఇప్పుడే నీ మాటే చెప్పుకుంటున్నామమ్మా!” అన్నాడు. “మన లోర్ వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. మువా వాళ్ళ పిల్లకి అంత పెద్ద సీటు రావడానికి మా షువానే కారణం, దగ్గరుండి ఒక్కో పాఠం ఏరి చదివించింది అని చెప్తుంటే మీ పెదనాన్న కళ్ళు తుడుచుకున్నాడు. శనివారం రాలేకపోయాం కదా. శుక్రవారం ఎనిమిది మందిమి బయల్దేరి వస్తున్నాం, పిల్లకి దారాలు కట్టడానికి. మీ మామగారికి చెప్పమ్మా, వంట ఏమీ పెట్టుకోవద్దని, మేమే తెస్తాం.”

నాన్నా అన్నాను. ఆయనకి వినపడలేదు. ఎవరో ఫోను లాక్కుని, మా మనవడికి కూడా ఏ పాఠాలు తీసుకోవాలో నువ్వే చెప్పాలి షువా అంది ఒక ముసలి గొంతు. తర్వాత నవ్వులు. తర్వాత ఫోను ఆగిపోయింది.

మామయ్య కారు కిటికీలోంచి తల బయటికి పెట్టారు.

“వస్తామన్నారా?”

“వస్తారు మామయ్యా,” అన్నాను. ఎందుకు వస్తున్నారో చెప్పలేదు.